పనికి పంపండి, తోడుగా ఉండండి
(రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో సిస్టర్ చేసిన ప్రసంగం)

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్రమైన మానసిక జబ్బులకు మందులు వాడుతున్నవారి కుటుంబ సభ్యులు మీరంతా. డిశ్చార్జి రోజున మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "సిస్టర్, మావాడు మళ్ళీ పని చేయగలడా?"

చాలామంది చేయగలరు. "పూర్తిగా నయమయ్యాక చూద్దాం" అంటూ ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చోబెట్టకండి. ఇది నా మాట మాత్రమే కాదు. అమెరికాలో 1990ల నుండి ఒక పద్ధతి ఉంది. రోగిని నెలల తరబడి శిక్షణలో ఉంచకుండా, తనకు ఇష్టమైన మామూలు ఉద్యోగంలో త్వరగా చేర్పిస్తారు. చేరాక కూడా ఒకరు వెంట ఉండి సహాయం చేస్తారు. పాత పద్ధతులకంటే దీనివల్లనే ఎక్కువమంది ఉద్యోగాలు పొందారని అనేక దేశాల పరిశోధనల్లో తేలింది. మన ఇళ్ళలో ఆ వెంట ఉండే మనిషి మీరే. ఏం చేయాలో చెబుతాను.

1. ఏ పని ఇష్టమో వారినే అడగండి. టైలరింగ్, కిరాణా కొట్టు, కంప్యూటర్ పని, ఏదైనా సరే. డాక్టరుగారికి చెప్పి, మొదట రోజుకు మూడు నాలుగు గంటలతో మొదలుపెట్టించండి. రాత్రి డ్యూటీలు వద్దు. నిద్ర చెడితే, ముఖ్యంగా బైపోలార్ ఉన్నవారికి, జబ్బు తిరగబెట్టవచ్చు.

2. ఉదయం మత్తుగా ఉంటే మాత్రలు మానిపించకండి. డాక్టరుగారు మోతాదు గానీ, వేసుకునే వేళ గానీ మార్చగలరు. లిథియం వాడేవారు ఎండలో పనిచేస్తే చెమటతో నీరు, ఉప్పు పోయి, రక్తంలో మందు పెరగవచ్చు. నీళ్ళు తాగుతూ ఉండాలి. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, తూలడం, మాట తడబడడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

3. యజమానికి జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. వారికి తెలియకుండా మీరు చెప్పకండి. "నెలకొకసారి ఆసుపత్రికి వెళ్ళాలి, సెలవు కావాలి" అంటే చాలా చోట్ల సరిపోతుంది.

4. చట్టం తెలుసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని ఎవరినీ తీసివేయకూడదు, స్థాయి తగ్గించకూడదు. కనుక తొందరపడి రాజీనామా చేయించకండి.

చివరగా ఒక్క మాట. మొదటి జీతం రాగానే "బాగైపోయాడు, ఇక మందులెందుకు?" అనుకోకండి. ఆ మందుల బలంతోనే పనికి వెళ్తున్నారు. నిద్ర తగ్గినా, అనుమానాలు మొదలైనా, తమలో తాము మాట్లాడుకుంటున్నా ఆలస్యం చేయకుండా మా దగ్గరకు రండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఒక ఉద్యోగం నిలవకపోతే నిందించకండి. కొంత విశ్రాంతి తర్వాత మరొకటి వెతుకుదాం.