బయానా ఇచ్చే ముందు నేలను అడగాలి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పేది దాన్ని గురించే గానీ, స్థలం దారిగుండా వస్తాము. చిన్నపిల్లల బడి కట్టడానికని సంఘం చూసిన స్థలం మీకందరికీ తెలుసు. పక్క స్థలాల ధరలో సగానికే వస్తూంది. పోయిన మీటింగులో కొందామని చేయెత్తిన వారిలో మేమూ ఉన్నాము. దస్తావేజులు చూశాము, ఇ.సి. తీయించాము, అడంగల్ సరిపోయింది. ఈ నేల ఎవరిదన్న ప్రశ్నకు కాగితాలన్నీ జవాబు చెప్పాయి. ఈ నేల మీద ఇంతకు ముందు ఏం చేశారన్న ప్రశ్న మాలో ఒక్కరికీ తోచలేదు.

అడిగింది మసీదు మెట్ల మీద కూచునే ఒక ముసలాయన. "ఆడ లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తాండిరి గదా మాస్టరూ, పసిబిడ్డల్ని ఆడ కూచోబెడతారా?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

సీసం కుళ్లేది కాదు, ఆవిరై పోయేది కాదు. పై మట్టిని పట్టుకుని ఏండ్ల తరబడి అట్లే ఉంటుంది. పసిపిల్లలు నేల మీద ఆడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. పెద్దవాళ్ల కంటే వాళ్ల ఒళ్లు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తం తగ్గుతుంది, బుద్ధి మందగిస్తుంది, పాఠం మీద ధ్యాస నిలవదు. ఇంత వరకైతే పరవాలేదు అని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. అలిఫ్, బే దిద్దించడానికి కట్టే బడే ఆ అక్షరాలను పిల్లవాని తలలో నిలవనీయకపోతే, ఇక మనం చందా వసూలు చేసిందెందుకు?

ఇట్లాంటి పొరపాటు చదువుకున్న దేశంలోనూ జరిగింది. అమెరికాలో నయాగరా ఫాల్స్ ఊరిలో లవ్ కెనాల్ అని సగంలో వదిలేసిన కాలువ ఒకటి ఉండేది. హుకర్ అనే రసాయనాల కంపెనీ 1942 నుంచి అందులో వేల టన్నుల వ్యర్థాలు పూడ్చి, 1953లో ఆ నేలను ఒక్క డాలరుకు అక్కడి విద్యాబోర్డుకు రాసిచ్చింది. లోపల రసాయనాలున్నాయనీ, కీడు జరిగితే తమది బాధ్యత కాదనీ దస్తావేజులోనే రాసుకుంది. బోర్డువారు అది తెలిసీ బడి కట్టారు, చుట్టూ ఇండ్లు లేచాయి. 1978 నాటికి నేలమాళిగల్లోకి విషపు ఊట వచ్చింది. ప్రభుత్వం బడి మూయించి కుటుంబాలను ఖాళీ చేయించింది. అగ్గువ ధర మాట వచ్చినప్పుడల్లా మాకు ఆ ఒక్క డాలరు జ్ఞాపకం వస్తుంది.

దాని తర్వాతే, 1980లో, అక్కడ చట్టం వచ్చింది. పాడైన నేలను కొన్నవాని మీద కూడా శుభ్రం చేసే ఖర్చు పడవచ్చు. అందుకని కొనేముందు నేల చరిత్ర విచారించడం అక్కడ మామూలు పద్ధతయింది. మన దేశంలో ఇట్లా పాడైన స్థలాలను గుర్తించి బాగుచేయడానికి కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో నియమాలు తెచ్చింది. అంతకు ఎంతో ముందే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనులో, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అమ్మేవానికి తెలిసి ఉంటే చెప్పితీరాలని ఉంది. మన ఫిఖ్‌లో 'ఖియారె ఐబ్' ఉండనే ఉంది: దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగిచ్చే హక్కు కొన్నవానిది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని పట్టుకున్న సంగతి పిల్లలకు సైతం తెలుసు. మనం పైపై గింజలు చూసి వచ్చాము.

మన తావుల్లో ఈ విచారణ ఇంకా అవసరం. కలమల్ల దగ్గరి థర్మల్ కేంద్రం బూడిద, బండల పాలిషు మిల్లుల బురద తెచ్చి పల్లపు స్థలాలు పూడ్చి, పైన ఎర్రమట్టి పరిచి అమ్మితే కంటికి తెలియదు. పులివెందుల పక్క తుమ్మలపల్లెలో 2012లో యురేనియం శుద్ధి మొదలైంది. దాని వ్యర్థాల చెరువు దగ్గర కె.కె. కొట్టాల రైతులు తమ బోరు నీళ్లు చెడినాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ మొరపెట్టుకున్నారు. సంస్థ తన వల్ల కాదన్నది. చెరువు కట్టకముందే చుట్టుపక్కల ప్రతి బోరు నీళ్లూ పరీక్షించిన కాగితం ఒక్కొక్క రైతు ట్రంకుపెట్టెలో ఉండి ఉంటే, ఆ వాదన అంత దూరం పోయేది కాదని మా అభిప్రాయం.

ఇక చేయవలసింది. మొదటి పని ఖర్చు లేనిది: ఆ దొడ్డిలో పనిచేసిన వాళ్లను పిలిచి, పొయ్యి ఎక్కడ పెట్టినారు, యాసిడ్ ఎటు పారబోసినారు అని అడగడం. రెండోది మట్టి తీయడం. అంతా కలిపి ఒక్క సంచిలో పోస్తే చెడ్డ చోటు మంచి చోట్లో కలిసి మరుగున పడుతుంది. పొయ్యి తావు, కాలువ, వాకిలి, నాలుగు మూలలు వేరువేరుగా, పై మట్టి ఒకటి, మూరెడు లోతుది ఒకటి తీయాలి. దొడ్డికి దూరంగా ఉన్న చేను మట్టి కూడా పోల్చడానికి కావాలి. వ్యవసాయ శాఖ భూసార పరీక్షలో సీసం చూడరు, దాన్ని నమ్ముకోవద్దు. లోహాలు పరీక్షించే గుర్తింపు పొందిన ప్రయోగశాలకే పంపాలి. బోరు నీళ్లూ పంపాలి. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటరాదని మన దేశపు ప్రమాణం.

అమ్మజూపినది మనవారే, సంఘానికి ఎన్నోసార్లు చేయందించిన వారు. అడిగితే నొచ్చుకుంటారేమోనని కొందరు వెనకాడినారు. మేమే పోయి అడిగినాము. "నేను కొన్నప్పుడు నాకెవరు చెప్పినారు మాస్టరూ" అన్నారు, ఆ మాటలో అబద్ధం లేదు. మట్టి తీసుకోమన్నారు. ఫలితం వచ్చేదాకా బయానా అడగమన్నారు.

పరీక్ష ఖర్చుకు వేరే చందా పుస్తకం తెచ్చినాము, మా పేరు మొదట రాసినాము. వచ్చే ఆదివారం అసర్ నమాజు తర్వాత ఆ ముసలాయన వచ్చి పొయ్యి తావు చూపిస్తానన్నాడు. పార, గునపం ఉన్నవాళ్లు తెండి.