ఇల్లు మారుతున్నారా? సామాను కంటే ముందు మీ పేరు విడిపించుకోండి

నూజివీడులో మామిడి లారీలు ఎంత జోరుగా కదులుతున్నాయో, ఇంటి సామాను ఎక్కించిన ట్రాలీ ఆటోలూ అంతే జోరుగా కదిలే రోజులివి. పిల్లల పరీక్షలు అయిపోయాయి, బడులు తెరవడానికి ఇంకా టైముంది. ఆషాఢం వచ్చేసిందంటే కొత్తింట్లో పాలు పొంగించరు. అందుకని అందరూ ఇప్పుడే ఇల్లు మారే పనిలో పడతారు. పిల్లల చదువుల కోసం విజయవాడ వెళ్ళేవాళ్ళు, ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు, 2022 ఏప్రిల్‌లో మన ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాక ఏలూరుకు మకాం మార్చేవాళ్ళు. అటక మీద నుంచి దించిన సామానంతా వరండాలో ఉంటుంది. ఏది తీసుకెళ్ళాలి, ఏది అమ్మాలి, ఏది ఎవరికిచ్చేయాలి?

నేనైతే ఆ సామాన్ని రెండు కుప్పలుగా చూస్తాను. మొదటి కుప్పలో మంచం, బీరువా, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, కూలర్, స్టీలు సామాను. డబ్బు చేతికొచ్చాక వీటికీ మీకూ సంబంధం తెగిపోతుంది. రెండో కుప్పలో ఫోన్, ల్యాప్‌టాప్, స్మార్ట్ టీవీ, సీసీ కెమెరా, గ్యాస్ బండ, వైఫై రౌటర్, స్కూటర్. ఇవి మీ గుమ్మం దాటి వెళ్ళిపోయినా మీ పేరు, మీ నంబరు, మీ ఫోటోలు వాటికి అంటుకునే ఉంటాయి. అసలు నష్టం జరిగేది ఈ రెండో కుప్పలోనే. అందుకే మొదటి కుప్ప తొందరగా ముగించి, రెండో దాని దగ్గర నిదానంగా కూర్చుందాం.

[తెర మీద: వాట్సాప్ స్టేటస్]

మన ఊళ్ళో మంచమో బీరువానో అమ్మాలంటే అన్నిటికంటే ముందు వాడాల్సింది వాట్సాప్ స్టేటస్. మీ నంబరు వాళ్ళ ఫోన్‌లో, వాళ్ళ నంబరు మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అది కనిపిస్తుంది, అదీ 24 గంటలే. అంటే చూసేవాళ్ళంతా మీకు తెలిసినవాళ్ళు. పాలాయన, పిల్లల స్కూల్లో తోటి తల్లిదండ్రులు, ఆడపడుచు అత్తగారింటివాళ్ళు. బేరం మర్యాదగా సాగుతుంది, డబ్బుకు మోసం ఉండదు. రోజూ పొద్దున ఒకసారి పెట్టండి, నాలుగు రోజులు పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ పోనివాటికి ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్. వీటిలో చూసేవాళ్ళకు దగ్గర్లో ఉన్న వస్తువులే ముందు కనిపిస్తాయి కాబట్టి లొకేషన్ దగ్గర తొందరపడకండి. చిన్న టేబుల్ కోసం విజయవాడ నుంచి ఎవరూ రారు, నూజివీడు అనే పెట్టండి. టేకు మంచం, మంచి కెమెరా లాంటివైతే విజయవాడ పెట్టి, వివరంలో వస్తువు నూజివీడులో ఉందని స్పష్టంగా రాయండి.

ఇక ధర. చిన్న రసాలకు సీజన్ మొదట్లో పలికిన ధర చివర్లో పలుకుతుందా? కూలరూ అంతే. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్‌లో దానికి పోటీ పడతారు, తొలకరి పడ్డాక అడిగేవాళ్ళుండరు. సోఫాలు, టీవీలైతే ఆషాఢం డిస్కౌంట్లు మొదలవకముందే అమ్మేయండి. షాపులో కొత్తది తగ్గింపులో దొరుకుతుంటే మీ పాతదానికి సగం రేటు కూడా చెప్పలేరు. ఇంకొక మాట, ప్రకటనలో "అర్జెంటుగా ఇల్లు ఖాళీ చేస్తున్నాం" అని రాయకండి. కొనేవాడికి మీ అవసరం తెలిసిపోతుంది, దొంగకు మీ ఇల్లు ఖాళీ అవుతుందనీ తెలిసిపోతుంది.

[తెర మీద: ఫ్రిజ్, దగ్గర నుంచి]

ఫోటో ఎలా తీయాలో ఈ ఫ్రిజ్ మీద చూపిస్తాను. ఎదురుగా ఒక ఫోటో అందరూ తీస్తారు. కొనేవాడికి కావాల్సింది అది కాదండి. తలుపు తెరిచి చుట్టూ ఉన్న ఈ రబ్బరు చూపించండి. ఇక్కడ మూల దగ్గర నల్లగా బూజు పట్టింది చూశారా, తడి గుడ్డతో, కాస్త సబ్బు నీళ్ళతో తుడిస్తే పోతుంది. తుడిచాకే తీయండి. తలుపు మధ్యలో కాగితం పెట్టి మూసి లాగండి. కాగితం బిగుతుగా ఉంటే రబ్బరు బాగున్నట్టు, ఆ ముక్క వీడియో తీసి పెడితే చాలు, కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. తర్వాత మోడల్ నంబరు ఉన్న ఈ స్టిక్కరు. గీత ఉంటే గీత, సొట్ట ఉంటే సొట్ట, దాచకుండా చూపించండి. ఇంటికొచ్చాక చూసుకుని సగానికి అడిగే బేరం అక్కడే తప్పుతుంది. వెనకాల దేవుడి గది, గోడ మీద పిల్లల ఫోటోలు, గుమ్మం మీద డోర్ నంబరు ఫోటోలో పడకూడదు. ఆటోలో ఎక్కించేటప్పుడు ఫ్రిజ్‌ని నిలబెట్టే తీసుకెళ్ళమని, వెళ్ళాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయమని కొన్నవాళ్ళకు చెప్పండి. పడుకోబెడితే కంప్రెసర్‌లో ఆయిల్ గొట్టాల్లోకి పోతుంది.

నూజివీడు కాబట్టి ఒక్క వస్తువు గురించి విడిగా చెప్పాలి. అమ్మమ్మగారో, మేనత్తగారో వాయించిన పాత వీణ మీ అటక మీద ఉంటే, తీగలు తెగినా, మెట్లు నిలబెట్టిన మైనం ఊడిపోయినా పాత సామాను బండికి వేయొద్దు. పనస చెక్కతో వీణలు చేసే పనివాళ్ళున్న ఊరు మనది. 24 మెట్లూ మళ్ళీ శ్రుతికి నిలబెట్టగలిగేది వాళ్ళే. ముందు వాళ్ళకు చూపించి, ఏం చెప్తారో విని, అప్పుడు అమ్మాలా ఉంచుకోవాలా ఆలోచించండి. యాప్‌లో దానికి సరైన ధర కట్టేవాడు దొరకడం కష్టం.

[తెర మీద: యూపీఐ]

డబ్బు తీసుకునేటప్పుడు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. మీకు డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. ఆ రెండూ డబ్బు పంపేవాడు చేసే పనులు. పాత మోసం ఎలా జరుగుతుందంటే, "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్నాను, బేరం లేదు, మీరు చెప్పిన ధరే" అని ఫోన్ వస్తుంది. ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతాడు. మంచం చూడకుండానే ఒప్పుకున్నాడంటే అక్కడే అనుమానించాలి. ముందు ఒక రూపాయి పంపించి నమ్మిస్తాడు, తర్వాత ఒక కోడ్ పంపి "స్కాన్ చేయండి, మీకు పడుతుంది" అంటాడు. స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలోంచే పోతుంది. మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది కానీ, కోడ్ పంపే మోసం ఆగలేదు. కొన్నవాడు చూపించే స్క్రీన్‌షాట్ నమ్మకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే వస్తువు కదలనివ్వండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు రెండో కుప్ప. ముందు ఫోన్.

పాత ఫోన్‌లో ఏముంటుందో ఒకసారి ఆలోచించండి. ఆధార్ ఫోటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పొలం పట్టాదారు పాస్ పుస్తకం, పెళ్ళి ఫోటోలు, ఎవరికో పంపిన సంతకం. గ్యాలరీలో డిలీట్ కొట్టేస్తే పోయినట్టేనా? చాలాసార్లు పోదు. డిలీట్ కొడితే ఆ ఫోటో ఉన్న చోటు "ఖాళీ" అని ఫోన్ తన పట్టికలో రాసుకుంటుంది, దాని మీద కొత్తది పడేదాకా పాతది అక్కడే ఉండొచ్చు. మెమరీ కార్డులో ఇది మరీ సులువు, మామూలు సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తారు. కాబట్టి మెమరీ కార్డు ఫోన్‌తో పాటు అమ్మకండి, తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

ఫోన్ లోపలి మెమరీ సంగతి వేరు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో తయారైన ఫోన్లన్నిటిలోనూ, అంతకు ముందు చాలా మోడళ్ళలోనూ సమాచారమంతా తాళం వేసిన రూపంలోనే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫోన్ ఆ తాళంచెవిని చెరిపేస్తుంది. చెవి పోయాక లోపల మిగిలింది ఎవరికీ అర్థం కాని గజిబిజి. వరస ఇది: ముందు ఫోటోలు, వాట్సాప్ చాట్‌లు బ్యాకప్ తీసుకోండి. యూపీఐ యాప్‌ల నుంచి, బ్యాంకు యాప్‌ల నుంచి బయటికి రండి. తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేయండి. సిమ్ తీయండి, ఈసిమ్ ఉంటే దాన్నీ తొలగించండి. ఇదంతా అయ్యాకే సెట్టింగ్స్‌లోంచే రీసెట్. అకౌంట్ తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, కొన్నవాడు ఆన్ చేయగానే మీ పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. 2015 నుంచి ఆండ్రాయిడ్‌లో ఉన్న దొంగతనపు రక్షణ అది. ఐఫోన్‌లో అయితే "ఫైండ్ మై" ఆపేశాకే అమ్మాలి.

స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఆ నంబరు, తేదీ, కొన్నాయన పేరు, సంతకం ఒక కాగితం మీద రాయించుకుని దాచండి. ఈ కాగితం ఎందుకంటారా? 2024 ఆగస్టులో రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు బీహార్ నుంచి వచ్చిన కొందరిని పట్టుకుంటే దాదాపు 4,000 పాత ఫోన్లు దొరికాయి. వీధుల్లో తిరిగి, ప్లాస్టిక్ సామాను ఇచ్చి పాడైన ఫోన్లు తీసుకునేవాళ్ళు. ఆ ఫోన్లు సైబర్ నేరగాళ్ళకు చేరేవని పోలీసులు చెప్పారు. మన వీధుల్లోనూ "పాత సెల్ ఫోన్లు కొంటాం" అని మైకు పెట్టుకుని బండ్లు తిరుగుతాయి కదా. పాడైన ఫోన్ అయినా సరే, టబ్బు కోసం ఆ బండికి ఇవ్వకండి. స్క్రీన్ పగిలినంత మాత్రాన లోపలి మెమరీ పాడవదు, రీసెట్ చేయడానికి మీకే వీలుండదు. అలాంటిది ఇంట్లో ఉంచుకోవడమో, కంపెనీ సర్వీస్ సెంటర్ ద్వారా ఈ-వేస్ట్‌కు ఇవ్వడమో మేలు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే.

ల్యాప్‌టాప్‌లో విండోస్ 10, 11 ఉంటే "రీసెట్ దిస్ పీసీ"లో "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకుని, "క్లీన్ డేటా" అన్నదాన్ని ఆన్ చేయండి. టైం ఎక్కువ పడుతుంది, రాత్రి ఛార్జర్ పెట్టి వదిలేయండి. మన ట్రిపుల్ ఐటీ నుంచి చదువు ముగించుకుని వెళ్ళే పిల్లలు జూనియర్లకు ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు ఇది తప్పకుండా చేయాలి. స్నేహితుడే కదా అని బ్రౌజర్‌లో పాస్‌వర్డులు అలాగే వదిలేయకండి, అతను రేపు ఇంకొకరికి అమ్ముతాడు.

స్మార్ట్ టీవీలో యూట్యూబ్, సినిమా యాప్‌ల అకౌంట్లు ఉంటాయి, రీసెట్ కొట్టాలి. సీసీ కెమెరా అయితే మీ ఫోన్‌లోని యాప్ నుంచి దాన్ని తొలగించాలి. లేకపోతే మీ అకౌంట్‌కే కట్టుబడి ఉండి వాళ్ళకు పనిచేయదు, లేదా వాళ్ళింటి దృశ్యాలు మీ ఫోన్‌కు వస్తాయి. రెండూ బాగోవు. కంపెనీ ఇచ్చిన వైఫై రౌటర్, సెట్ టాప్ బాక్స్ మీవి కావు, తిరిగిచ్చేసి రసీదు తీసుకోండి. గ్యాస్ బండ కూడా అంతే. అది ఇంకొకరికి అమ్మే వస్తువు కాదు. వేరే ఊరు వెళ్తుంటే బండ, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చి ట్రాన్స్‌ఫర్ కాగితం ఇస్తారు. కొత్త ఊళ్ళో దాంతో కనెక్షన్ తీసుకోవాలి. ఇన్వర్టర్ బ్యాటరీ మాత్రం పాత ఇనుముకు కాకుండా బ్యాటరీ షాపుకే ఇవ్వండి. లోపల సీసం, యాసిడ్ ఉంటాయి, బరువును బట్టి మంచి ధరే కడతారు.

[తెర మీద: ఆర్‌సీ కార్డు]

చివరగా స్కూటరో, బైకో. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీని గురించే. మన దగ్గర చాలామంది తెలిసినవాళ్ళకు బండి తాళాలిచ్చి, డబ్బు తీసుకుని, ఆర్‌సీ చేతిలో పెట్టేస్తారు. "పేరు తర్వాత మార్చుకుంటాలే అన్నా" అంటాడు, మార్చుకోడు. ఆ బండి మూడు చేతులు మారి ఎక్కడో ప్రమాదం చేస్తే, ఇన్సూరెన్స్ లేకపోతే, నష్టపరిహారం కట్టమని నోటీసు ఎవరికొస్తుంది? 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో అతనే యజమాని. ఆ కేసులోని కారు కూడా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వెళ్ళిందే.

కాబట్టి అమ్మిన రోజే పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయిపోవాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లోగా ఆర్‌టీఏకు తెలియజేయాల్సింది అమ్మినవాళ్ళే, 30 రోజుల్లోగా తెలియజేయాల్సింది కొన్నవాళ్ళు. హైదరాబాద్ వెళ్తూ బండి అక్కడ అమ్ముదాం అనుకుంటే ఇక్కడి నుంచి ఎన్ఓసీ కావాలి, దానికి ఫారం 28. పాత బండికి ఆ తిరుగుడు పెట్టుకోవడం కంటే ఇక్కడే అమ్మేసి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. నెల గడిచాక ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. పేరులో కొన్ని అక్షరాలు దాచి చూపిస్తుంది, అయినా మీదో కాదో తెలిసిపోతుంది. ఇంకా మీ పేరే ఉంటే కొన్నాయనకు ఫోన్ చేయండి, అప్పటికీ కదలకపోతే ఫారం 29 కాపీ పట్టుకుని ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్ళండి.