గాజుపాత్రలో కడలి పైరు

చెరకు రైతు గింజలు చల్లడు, ముచ్చెలు నాటును. తమిళనాడులో రామనాథపురం తీరమున జాలరి స్త్రీలు చేయు సేద్యమును ఇట్టిదే. సుమారు 3 మీటర్ల చదరపు వెదురుతెప్పకు తాళ్లు కట్టి, వానికి కప్పాఫైకస్ అను ఎర్రజాతి సముద్రపు నాచు తునకలను ముడివేసి నీటిపై తేలవిడుతురు. 45 దినములకు తునక గుబురగును. కొంత ఎండబెట్టి అమ్ముదురు. కొంత తుంచి తిరిగి కట్టుదురు. ఎండిన నాచునుండి తీయు కారజీనన్ అను జిగురు ఐస్‌క్రీములోను, టూత్‌పేస్టులోను చేరుచున్నది. కనుక కడలిని ఎన్నడును చూడని శ్రోతలును ఈ నాచును రుచి చూచియే యుందురు.

ఇది మన సముద్రపు మొక్క కాదు. ఫిలిప్పీన్సు నుండి వచ్చినది. భావనగరములోని కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థవారు 1984లో దీనిని సౌరాష్ట్ర తీరమున పెంచి చూచి, తరువాత మండపమునకు చేర్చిరి. ఆ కొద్దిపాటి మొక్కల తునకలే, తునకల తునకలే, తెప్పలన్నిటిపై వ్యాపించినవి. ఏండ్ల తరబడి తుంచి కట్టుటచే వానిలో సత్తువ తగ్గినది. 2013 తరువాత, నీటి వేడిమియు తోడై, దిగుబడి కూలినది. పడవయు వలయు లేని కుటుంబములకు అది చిన్న దెబ్బ కాదు.

కావలసినది మంచి నారు. మండపములోని ప్రయోగశాలలో ఆరోగ్యవంతమైన మొక్క కొనలను ఎంచి, డిటర్జెంటుతోను, అయొడినుతోను, ఆంటీబయాటిక్ మందులతోను శుభ్రపరతురు. మాకు తోచినంతలో అసలు కష్టమిదియే: సముద్రపు మొక్కను సూక్ష్మజీవులు విడిచియుండవు, ఒక్కటి మిగిలినను వారముల శ్రమ బూజు పాలగును. పిదప మిల్లీమీటర్లతో కొలువదగిన ముక్కలను అగారుపై ఉంతురు. (ఆ అగారును నాచునుండి తీసినదే!) కోసినచోట నూలుపోగులవంటి కణజాలము పుట్టును. దానిని వేరుచేసి పెంచగా బొడిపెలు, బొడిపెల నుండి మొలకలు వచ్చును. వానిని కదలెడు సముద్రజలములో కొంత పెంచి, పిమ్మట కడలికి అప్పగింతురు.

ఈ నారును రామనాథపురము, పుదుక్కోట, తూత్తుకుడి జిల్లాల సాగుదారులకు ఇచ్చిరి. పెరుగుదల 20 నుండి 30 శాతము హెచ్చినదని సంస్థవారి లెక్క.

అయినను ఈ నారు పాత తల్లికి పుట్టిన పిల్లయే, వంశము మారలేదు. వేడిని ఓర్చు గుణము గాజుపాత్రలో ఉంచినంతమాత్రమున రాదు. మరియొకటి: ఈ నాచు తెప్పలు దాటి, కురుసడై దీవి వద్ద పగడపు దిబ్బలపై కమ్ముకొన్నదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సాగుచేయువారు తెప్ప అడుగున వల కట్టుదురు. చేపలు కొరుకకుండుటకు కట్టిన ఆ వలయే తెగిన తునకలను కొంతవరకు పట్టి ఉంచుచున్నది.