హైపర్‌వైజర్‌ను లేపకుండా: వర్చువల్ మెషీన్‌కు ఇంటరప్ట్ చేరిన తోవ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో పేజింగ్‌ను మీరే చదువుకోండని వదిలేసి, ఇంటరప్టుల దగ్గర వారాల తరబడి ఆగేవారు. నేనూ ఇవాళ అక్కడే ఆగుతాను.

1967 నాటి ఐబీఎం సీపీ-67, 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల వ్యాసం, 2003లో జెన్ ఈవెంట్ చానెళ్ళు మీకు కొత్త కావు. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్ వచ్చింది, మరుసటేడు ఏఎండీది. 2007 ఫిబ్రవరిలో కేవీఎం లినక్స్‌లో చేరింది. ఇవన్నీ దాటేస్తున్నాను.

బయటి ఇంటరప్ట్ వస్తే ఒక ఎగ్జిట్, అంటే గెస్ట్ ఆగి హైపర్‌వైజర్ లేవడం; పని ముగించి గెస్ట్ ఈఓఐ (ముగింపు సంకేతం) రాస్తే ఇంకొకటి. మామూలు లెక్క ఇదే. 32-బిట్ విండోస్ ఎక్స్‌పీ దగ్గర ఈ లెక్క తప్పింది. దాని కెర్నెల్ ప్రాధాన్య స్థాయి పెంచినా దించినా లోకల్ ఏపిక్ (ఇంటరప్ట్ కంట్రోలర్)లో ఆ స్థాయిని ఉంచే టీపీఆర్ రిజిస్టర్‌ను ముట్టుకుంటుంది. ముట్టుకున్నప్పుడల్లా హైపర్‌వైజర్ లేవాలి. అంటే ఇంటరప్ట్ ఒక్కటీ రాకపోయినా ఎగ్జిట్లు మాత్రం ఆగవు.

కేవీఎం పుట్టిన కుమ్రానెట్ కంపెనీవాళ్ళు చేసిన పని చూడండి. టీపీఆర్ విలువను ఈఏఎక్స్‌లోకి తెచ్చే మూవ్ ఆదేశం 5 బైట్లు. అది పట్టుబడగానే, నడుస్తున్న విండోస్ కోడ్‌లోనే, దాని మీద 5 బైట్ల కాల్ ఆదేశం రాసేశారు. రిజిస్టర్ నుంచి టీపీఆర్‌లోకి రాసే 6 బైట్ల ఆదేశమైతే ఒక బైటు పుష్, మిగతా 5 కాల్. ఆ కాల్ చేరేది గెస్ట్ మెమరీలోనే కూర్చోబెట్టిన చిన్న ఆప్షన్ రోమ్‌కు. స్థాయి దించినప్పుడు, దానికి మించిన ఇంటరప్ట్ ఏదైనా కాచుకుని ఉందా అని ఆ కోడే చూసుకుంటుంది. ఉంటేనే హైపర్‌వైజర్‌కు కబురు. మైక్రోసాఫ్ట్ సోర్స్ చేతిలో లేకుండా చేసిన శస్త్రచికిత్స ఇది!

నా పాత తగాదా ఇక్కడే. ఈ చరిత్రను 2012 నుంచి, అంటే వేగం పెరిగిన నెట్‌వర్క్ కార్డుల నుంచి మొదలుపెట్టే పండితులున్నారు. టీపీఆర్ అంటే ఇంటరప్టులను ఆపిపెట్టడమేననీ, అందించడం కాదనీ వారి వాదం. నాకు ఒప్పుదల లేదు. ఏది ఇప్పుడు లోపలికి రావచ్చు, ఏది ఆగాలి అని తేల్చకుండా అందించడమెక్కడిది? ‘అవసరమైతేనే లేపు’ అనే నియమం ఆ రోమ్ కోడ్‌లో స్పష్టంగా ఉంది. గెస్ట్‌నే తిరగరాస్తే పోలేదా అనే జెన్ అభిమానులకూ ఒక మాట: తిరగరాసే హక్కు లేని గెస్టే ఈ కథకు కారణం. ఈ విషయమై ఒక పత్రికలో నాకు జవాబు రాసినవారు సభలోనే ఉన్నారు. టీ దగ్గర కొనసాగిద్దాం.

సమయం మించిందని చీటీ వచ్చింది. గబగబా చెప్పేస్తాను. 2012లో హైఫా ఐబీఎం పరిశోధకులు, టెక్నియన్‌వారు కలిసి ఈఎల్ఐ అనే పద్ధతి తెచ్చారు. ఇంటరప్టులన్నిటినీ నేరుగా గెస్ట్‌కే వదిలి, హోస్ట్‌వి మాత్రం నీడ ఐడీటీలో (ఇంటరప్ట్ పట్టిక నకలులో) ‘లేదు’ అని గుర్తుపెడితే, అవి ఎక్సెప్షన్‌గా మారి వెనక్కి వస్తాయి. గెస్ట్‌లో మార్పులు లేకుండానే మామూలు యంత్రం వేగంలో 97 నుంచి 100 శాతం అందుకున్నారు. 2013లో ఇంటెల్ ఏపిక్‌వీ ఇదే అవసరాన్ని సిలికాన్‌లోకి దింపింది. పోస్టెడ్ ఇంటరప్ట్ డిస్క్రిప్టర్ 64 బైట్లు. అందులో 256 బిట్లు, వెక్టర్‌కు ఒకటి. తర్వాత పరికరాల ఇంటరప్టులకు వీటీ-డీ పోస్టింగ్, ఏఎండీ ఏవిక్, ఆర్మ్ జీఐసీవీ4, సఫైర్ ర్యాపిడ్స్‌లో ఐపీఐ వర్చువలైజేషన్ వచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో ఉపన్యాసం పడుతుంది, మరొకరు ఇవ్వాలి.

పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. కేవీఎంతో కలిసి నడిచే క్యూఈఎంయూ సోర్స్‌లో, ఆ టీపీఆర్ శస్త్రచికిత్స కోడ్ ఉన్న ఫైలు తెరవండి. తల భాగంలోనే 2007-2008, కుమ్రానెట్ అని ఉంటుంది. మీ థీసిస్ మొదటి అధ్యాయం ఆ తేదీ నుంచి రాయండి.