గోలు ముంగిట కావలి: పీటర్ తంగరాజ్ క్రీడాజీవితం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పాఠశాల వేడుకలో ఒక ఫుట్‌బాల్ గోల్‌కీపర్ జీవితం ప్రసంగ విషయం కావడం కొందరికి వింతగా తోచవచ్చు. పైగా, కోవిల్పట్టి చుట్టుపట్ల ఆట అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది హాకీ. అయితే హాకీ గానీ, ఫుట్‌బాల్ గానీ, గోలు ముందు నిలిచేవాని ధర్మం ఒక్కటే. పదిమందీ ముందుకు పరుగెత్తుతూ ఉంటే తాను ఒక్కడే వెనుక నిలిచి కాపలా కాయాలి.

సాత్తూరు కలం పాళీలకు పేరుపొందిన ఊరు. దస్తూరి ముత్యాలవలె ఉంటే వ్రాసినవానిని మెచ్చుకొంటారు గాని పాళీని ఎవరూ తలచరు. అది విరిగి సిరా ఒలికిన నాడే దాని ఊసు వస్తుంది. గోల్‌కీపర్ సంగతీ అంతే. అతడు ఆపిన బంతులు లెక్కకు రావు. ఆపలేకపోయిన బంతి మాత్రం ఫలకం మీద అంకెయై నిలుస్తుంది.

ఈ మాటకు చక్కని నిదర్శనం పీటర్ తంగరాజ్. ఆయన 1935 డిసెంబరు 24న హైదరాబాదులో జన్మించారు. పేరులో తమిళం పలుకుతుంది, పుట్టిన నేల తెలుగువారిది. తమిళనాట తెలుగు చదువుకొంటున్న ఈ బడి పిల్లలకు ఆ కలయిక కొత్తదేమీ కాదు.

బాల్యంలో హైదరాబాదులోని చిన్న క్లబ్బులలో ఆడి, 1953లో ఆయన సైన్యంలో చేరారు. నీలగిరి కొండలలోని వెల్లింగ్టన్ వద్దనున్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఆయన క్రీడాశాల అయింది. గమనింపదగిన విషయమేమంటే, తంగరాజ్ మొదట గోల్‌కీపర్ కారు. ఆయన ఆడినది సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో. అది గోల్సు చేసి చప్పట్లు అందుకొనే స్థానం. శిక్షకుని సలహాపై ఆయన దానిని విడిచి గోలు ముందుకు వచ్చారు. ఆరడుగులకు మించిన ఎత్తు, పొడవైన చేతులు ఆ కొత్త పనికి అక్కరకు వచ్చాయి. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలుచుకొన్నది. 1960లో ఆయన నాయకత్వంలో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ సాధించింది.

గోల్‌కీపర్ పని ఎంత కఠినమో అంకెలే చెబుతాయి. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. పెనాల్టీ కొట్టే చోటు గోలుకు 12 గజాల దూరంలో, అంటే దాదాపు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతికి ఆ దూరం దాటడానికి అర సెకను కూడ పట్టదు. బంతి ఎటు వస్తున్నదో చూచి, నిర్ణయించి, దేహాన్ని అటు విసరడానికి ఉన్న వ్యవధి అంతే. అందుచేత మంచి గోల్‌కీపర్ బంతి కదలకముందే ఎదుటివాని కాలిని, భుజాన్ని, చూపును చదవడం నేర్చుకొంటాడు. అదీ ఒక చదువే.

తంగరాజ్ 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు సభ్యులు. మెల్బోర్న్‌లో భారతదేశం నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఈ దేశం అందుకొన్న అత్యున్నత స్థానం నేటికీ అదే. రోమ్‌లో ఫ్రాన్స్‌తో ఆట 1-1గా సమమైంది. బలమైన హంగరీ చేతిలో 1-2 తేడాతో మాత్రమే ఓటమి కలిగింది. 1958లో తంగరాజ్ ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్‌గా గుర్తింపు పొందారు.

ఆయన జీవితంలో శిఖరం 1962 జకార్తా ఆసియా క్రీడలు. జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాదు వాస్తవ్యుడు, పూర్వం బడిపంతులు. అప్పటికే ఆయన కాన్సరు వ్యాధితో బాధపడుతున్నారు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి ఎదురైంది. తరువాతి ఆటలు నెగ్గి ఫైనల్ చేరేసరికి ఎదుట నిలిచినది మళ్లీ దక్షిణ కొరియాయే. రాజకీయ వివాదం కారణంగా ఇండోనేషియా ప్రేక్షకులు భారత జట్టుపై కోపంతో ఉన్నారు. సెప్టెంబరు 4న, ఆ హోరు నడుమ, తంగరాజ్ గోలు ముందు నిలిచారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. ఆట ముగియవచ్చిన వేళ కొరియా ఒక గోలు తిరిగి సాధించింది. మిగిలిన కొద్ది నిమిషాలు కాపలా చెదరలేదు. 2-1తో స్వర్ణ పతకం భారతదేశానిది అయింది. 1951 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో అది రెండవ స్వర్ణం. మూడవది ఇంతవరకు రాలేదు. రహీమ్ 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఆ ఫైనల్ గురించి చెప్పుకొనేవారు గోలు చేసిన ఇద్దరి పేర్లు చెబుతారు. తంగరాజ్ వాటాగా పుస్తకంలో మిగిలినది ఎదుటివారి పద్దులోని ఆ ఒక్క అంకె. ఆయన అడ్డుకొన్న వాటికి పద్దు లేదు.

తరువాత ఆయన కలకత్తాలోని మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. పరస్పరం బద్ధవిరోధులైన ఆ మూడు క్లబ్బుల అభిమానులూ ఆయన చేతులను నమ్ముకొన్నారు. 1967లో అర్జున పురస్కారం లభించింది. 1971లో ఆట విరమించి, శిక్షకులై, చివరకు బొకారోలో యువకులకు ఫుట్‌బాల్ నేర్పుతూ గడిపారు. 2008 నవంబరు 24న అక్కడే దివంగతులయ్యారు.

ఇతర దేశాలు తమ కావలివారిని ఎట్లు స్మరిస్తున్నాయో చూడండి. స్పెయిన్‌లో రికార్డో జమోరా (1901-1978) అనే గోల్‌కీపర్ ఉండేవాడు. ఆ దేశపు ప్రథమశ్రేణి లీగులో సగటున ఆటకు అతి తక్కువ గోల్సు ఇచ్చిన గోల్‌కీపర్‌కు ఏటా ఆయన పేరిట బహుమతి ఇస్తారు. అంటే, జరగనివ్వని కీడును సైతం లెక్కించడం అక్కడ నేర్చుకొన్నారు. భారత హాకీలో పి.ఆర్. శ్రీజేష్ 2021లో టోక్యోలోను, 2024లో పారిస్‌లోను కాంస్య పతకాలు గెలిచిన జట్లకు కావలిగా నిలిచారు. ఆయన తిరువనంతపురం క్రీడా పాఠశాలలో చేరింది హాకీ కోసం కాదు. అక్కడి శిక్షకుల సూచనపై గోల్‌కీపర్ అయ్యారు. తంగరాజ్‌కు సైన్యంలో, శ్రీజేష్‌కు బడిలో, ఎదుటివానిలోని శక్తిని వానికంటె ముందుగా గుర్తించిన గురువు దొరికాడు.

తల్లిదండ్రులారా, వీధి ఆటలో చురుకైన పిల్లలు ముందు ఆడతారు. ఎవరికీ అక్కరలేని పిల్లవానిని గోలు దగ్గర నిలబెడతారు. అది శిక్ష కాదని వానికి చెప్పేవారు కావాలి. గోలు పడిన నాడు ఇంట్లో మొదటి ప్రశ్న "ఎందుకు వదిలావు?" అని కాక, "ఎన్ని ఆపావు?" అని ఉంటే ఆ బిడ్డ మరునాడు మళ్లీ నిలబడతాడు. పరీక్షలో పోయిన మార్కుల విషయంలోనూ ఇదే న్యాయం.

ఉపాధ్యాయులారా, పదవ తరగతి రాగానే వ్యాయామ పీరియడును లెక్కల పాఠానికి ఇచ్చివేయడం చాల బడులలో ఆచారమైంది. ఆ గంటలోనే కొందరి అసలు శక్తి బయటపడుతుంది. చూచే కన్ను మైదానంలో లేకపోతే అది మరుగునే ఉండిపోతుంది.

బడి కూడ కావలి వంటిదే. మొదటి తరగతిలో ఉత్తీర్ణులైనవారి పేర్లు గోడమీద ఉంటాయి. చదువు మానబోయిన బిడ్డను ఇంటికి వెళ్లి బ్రతిమాలి తీసుకొని వచ్చిన పంతులుగారి పేరు ఏ గోడమీదా ఉండదు. డెబ్బది అయిదేండ్లలో ఈ బడులు ఆపిన నష్టాలకు పద్దు లేదు.

పూర్వ విద్యార్థులకు ఒక్క విన్నపం. వచ్చే క్రీడోత్సవం నుండి గోల్సు చేసినవానితో పాటు గోల్సు ఆపినవానికి కూడ ఒక బహుమతి నెలకొల్పండి. దానికి పెద్ద ధనం అవసరం లేదు. ఆట జరుగుతున్నంతసేపూ ఆపిన బంతులను లెక్కపెట్టడానికి ఒక పుస్తకం, ఒక కలం చాలు.