ఎల్క్ వేటకి ఏ తూటా? పెద్దది కాదు, మీ భుజానికి సరిపోయేది

పోయిన వారం డెన్వర్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాకు మొదటిసారి ఎల్క్ లైసెన్స్ వచ్చింది. షాపులో 300 విన్ మ్యాగ్ కొనమంటున్నారు. ఆఫీసులో ఫ్రెండేమో 6.5 క్రీడ్‌మూర్ చాలంటున్నాడు. ఏది కొనను?" అని. ఇదే ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకి ముందే ఒక మాట. ఇది పూర్తిగా అమెరికా సంగతి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుని వేటాడితే జైలే. కొలరాడోలో అలా కాదు. అక్కడ ఎల్క్ మందలు చాలా పెద్దవి. ఏటా ఎన్నిటిని వేటాడొచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖే లెక్కగట్టి లైసెన్సులు ఇస్తుంది. కొట్టిన జంతువు మాంసాన్ని అడవిలో వదిలేసి వస్తే అదీ నేరమే.

ఎల్క్ అంటే మామూలు జింక అనుకోకండి. పెద్ద మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. ఆడది కూడా 200 కిలోల పైనే. అంత జంతువు కదా, అంత పెద్ద తుపాకీ కావాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అక్కడే నేను తప్పు చేశాను.

నా మొదటి సీజన్‌కి 300 విన్ మ్యాగ్ కొన్నాను. రేంజ్‌కి వెళ్లి పది తూటాలు కాల్చేసరికి భుజం వాచిపోయింది. ఇక చాల్లే, అడవిలో కాల్చేది ఒక్కసారే కదా అని ప్రాక్టీస్ ఆపేశాను. సీజన్ మూడో రోజు పొద్దున్నే, దాదాపు 200 గజాల్లో ఒక ఆడ ఎల్క్ అడ్డంగా నిలబడింది. అంతకంటే తేలికైన షాట్ దొరకదు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో, తన్నబోతోందని నా ఒళ్లు ముందే బిగుసుకుంది. కళ్లు మూసుకున్నాను. తుపాకీ పక్కకి లాగేసింది. తూటా ఊపిరితిత్తుల్లో కాదు, వెనక పొట్టలో తగిలింది. అది చెట్లలోకి వెళ్లిపోయింది. రెండు రోజులు వెతికాం. కొంచెం దూరం నెత్తుటి చుక్కలు కనిపించాయి, తర్వాత అవీ లేవు. అది దొరకలేదు. అది ఎక్కడో ఎంతసేపు బాధపడి చచ్చిపోయి ఉంటుందో ఇప్పటికీ గుర్తొస్తుంది. తుపాకీ చిన్నదై కాదు అలా జరిగింది, నాకు అది పెద్దదై జరిగింది.

సరే, ఇప్పుడు అసలు విషయం. మనం తూటా అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో రెండు సంగతులున్నాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్, ఇదంతా కలిపితే కార్ట్‌రిడ్జ్. ఎగిరి వెళ్లి జంతువుకి తగిలేది మాత్రం బుల్లెట్ ఒక్కటే. కార్ట్‌రిడ్జ్ పని బుల్లెట్‌ని తోయడం వరకే. లోపలికి దిగి పని చేసేది బుల్లెట్.

308 వించెస్టర్, 30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 300 విన్ మ్యాగ్, ఈ మూడిట్లో బుల్లెట్ వెడల్పు ఒకటే, 0.308 అంగుళం. తేడా అంతా వెనకున్న మందులోనే. 30-06లో 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న సంవత్సరం. వందేళ్లు దాటినా దాంతో ఇప్పటికీ ఎల్క్ కొడుతూనే ఉన్నారు.

పెట్టె మీద 180 గ్రెయిన్ అని ఉంటుంది. అది మందు బరువు కాదు, బుల్లెట్ బరువు. మన కంసాలులు గురివింద గింజలతో బంగారం తూచినట్టే, ఇదీ ధాన్యం గింజ లెక్క నుంచి వచ్చిన కొలత. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. అంటే 180 గ్రెయిన్లు దాదాపు 11.7 గ్రాములు.

ఇప్పుడు బలం చూద్దాం. ఇవి గొట్టం దాటగానే ఉండే సుమారు లెక్కలు. 6.5 క్రీడ్‌మూర్‌కి 2300 ఫుట్ పౌండ్లు. 30-06కి 2900. 300 విన్ మ్యాగ్‌కి 3500. చట్టం ఏమంటోంది? కొలరాడోలో ఎల్క్‌కి కనీసం 0.24 అంగుళం క్యాలిబర్ ఉండాలి. బుల్లెట్ 85 గ్రెయిన్లకి తగ్గకూడదు, తగిలాక విచ్చుకునే రకం అయ్యుండాలి. 100 గజాల దగ్గర 1000 ఫుట్ పౌండ్ల బలం ఉండాలి. మూడూ ఈ గీతని హాయిగా దాటేస్తాయి. కానీ ఒకే బరువున్న రైఫిల్లో చూస్తే, 6.5 కంటే 300 విన్ మ్యాగ్ దాదాపు రెట్టింపు తంతుంది. దాన్ని మోయాల్సింది మీ భుజం.

కాబట్టి డబ్బు, బుర్ర పెట్టాల్సింది బుల్లెట్ మీద. అది రెండు పనులు చేయాలి. విచ్చుకోవాలి, ముక్కలవకుండా లోతుకి వెళ్లాలి. మార్కెట్లో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి.

ఒకటి, సాదా రకం. సీసం మీద పలచని రాగి తొడుగు. చవక. చిన్న జింకలకి బాగుంటుంది. కానీ ఎల్క్ భుజం ఎముకకి దగ్గర నుంచి, మంచి వేగంతో తగిలితే పైపైనే పగిలిపోవచ్చు. మ్యాగ్నమ్‌లో వేగం ఇంకా ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదం కూడా అందులోనే ఎక్కువ. పెద్ద తుపాకీలో మెత్తని బుల్లెట్ వేయడం అన్నిటికంటే చెడ్డ జోడీ.

రెండు, బాండెడ్. సీసాన్ని రాగికి అతికించేస్తారు. పగలడం తక్కువ, బరువు నిలబడుతుంది.

మూడు, పార్టిషన్. మధ్యలో రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు భాగం విచ్చుకుంటుంది, వెనక భాగం లోపలికి తోసుకుపోతుంది. జాన్ నోస్లర్ అనే ఆయన వేటలో ఒక మూస్ మీద తన బుల్లెట్లు లోతుకి దిగకపోవడం చూసి దీన్ని తయారుచేశాడు. 1948 నుంచి అమ్మకానికి ఉంది.

నాలుగు, మొత్తం రాగే. ఎముకని దాటడంలో గట్టిది. సీసం ముక్కలు మాంసంలో చేరవు. మిగిలిన పేగులు తిన్న గద్దలకి, రాబందులకి సీసం విషం ఎక్కదు. ఈ కారణంతోనే కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా నిషేధించారు. దీనికీ ఒక లోపం ఉంది. బాగా దూరం వెళ్లి వేగం తగ్గిపోతే సరిగ్గా విచ్చుకోకపోవచ్చు. అందుకే రాగిలో కొంచెం తేలిక బుల్లెట్, అంటే 180 బదులు 150 లేదా 165 తీసుకుంటారు.

ఇక తమ్ముడికి నా జవాబు. నీ దగ్గర ఇప్పటికే 308, 270, 30-06లో ఏదైనా ఉంటే కొత్తది కొనకు. ఆ డబ్బుతో మంచి తూటాలు కొని ప్రాక్టీస్ చెయ్యి. ఏమీ లేకపోతే, ఆడ ఎల్క్‌కి 6.5 కూడా చాలు. కానీ గట్టి బుల్లెట్ వాడు, 250 గజాలు దాటి కాల్చకు. రెండిటికీ మధ్యలో ఉండాలంటే 30-06, 165 లేదా 180 గ్రెయిన్ బాండెడ్. 300 విన్ మ్యాగ్ చెడ్డదని నేను అనను. ఉలిక్కిపడకుండా కాల్చగలిగినవాళ్లకి అది మంచి తుపాకీ.

నీకు ఉలికిపాటు ఉందో లేదో తెలుసుకోవడం సులువు. రేంజ్‌లో ఫ్రెండ్‌ని తూటాల మధ్యలో ఒక డమ్మీ తూటా కలిపి లోడ్ చేయమను, ఎప్పుడొస్తుందో నీకు తెలియకూడదు. అది వచ్చినప్పుడు క్లిక్ అని ఊరుకుంటుంది. అప్పుడు గొట్టం కిందికి వంగిందా, నీకు ఆ జబ్బు ఉన్నట్టే.

ఇంకో పరీక్ష. టిఫిన్ ప్లేటంత, అంటే 8 అంగుళాల కాగితం ప్లేటు పెట్టు. బల్ల మీద ఆనించి కాదు, అడవిలోలా కూర్చునో మోకాలి మీదో కాల్చు. ఎంత దూరం వరకు ప్రతి బుల్లెట్టూ ప్లేటులో పడుతుందో అదే నీ హద్దు. అది 150 గజాలైతే 150 గజాలే. సిగ్గేం లేదు. వేటకి తీసుకెళ్లే తూటాతోనే ఈ ప్రాక్టీస్ చెయ్యి. రకం మారిస్తే గుండు పడే చోటు కూడా మారుతుంది.

అడవిలో జంతువు అడ్డంగా నిలబడేదాకా ఆగు. ముందు కాలి వెనక, ఒంటి ఎత్తులో కింద నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టు. రెండు ఊపిరితిత్తులూ అక్కడే ఉంటాయి. కాల్చాక ఎల్క్ ఏమీ కానట్టు నిలబడే ఉంటుంది చాలాసార్లు. మురిసిపోయి చూస్తూ ఉండకు. వెనకాల మనుషులు, ఇళ్లు లేవని చూసుకుని మళ్లీ కాల్చు.

చివరిగా, వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్త. హెచ్ 1 బి, ఎఫ్ 1 లాంటి వీసాలవాళ్లు మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అయినా తుపాకీ ముట్టుకునే ముందు లాయర్‌ని ఒకసారి అడగండి. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు ఎలాగూ తప్పదు.

తమ్ముడూ, కొనే ముందు రేంజ్‌కి వెళ్లు. రెండూ అద్దెకి తీసుకుని చెరో ఇరవై తూటాలు కాల్చు. ఇరవయ్యో తూటా కూడా కళ్లు తెరుచుకుని కాల్చగలిగింది ఏదో, అది కొనుక్కో. సీజన్ అయ్యాక ఏమైందో నాకు మెసేజ్ పెట్టు. మిగతావాళ్లు మీ ప్రశ్నలు కామెంట్లలో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.