పుష్కర స్నానము – పినాకినీ తీరము



బృహస్పతి ఒక్కొక్క రాశియందు ప్రవేశించినపుడు ఒక్కొక్క నదికి పుష్కరము కలుగును. గోదావరికి సింహము, కృష్ణకు కన్య, తుంగభద్రకు మకరము. ఇట్లు 12 రాశులకు 12 నదులు. ఆ పట్టికలో పినాకినికి, అనగా పెన్నకు, చోటు లేదు. కావున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలవారు మూట గట్టుకొని కర్నూలునకో రాజమహేంద్రవరమునకో పోవుదురు.

పోయినంత మాత్రమున స్నానము దక్కునా? 2015 జూలై 14న, గోదావరి పుష్కరముల తొలినాడే, రాజమహేంద్రవరమున తొక్కిసలాటలో 20 మందికి పైగా అసువులు బాసిరి. 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరమునకు కరోనా కారణమున నదిలో మునుగుట నిషేధింపబడెను.

పోలేనివారికి పెద్దలు వేరొక త్రోవ చూపియే యున్నారు. ఇంటి నూతికడ చెంబెడు నీళ్లు పోసికొనునపుడు సైతము గంగా యమునా గోదావరీ సరస్వతీ నర్మదా సింధు కావేరులను ఆ నీటిలోనికి ఆహ్వానించుట ఆచారము. ఏడు నదులు చెంబులో ఇముడగా, నంది కొండల నుండి హిందూపురము చెంతకు వచ్చు పెన్నయు, ధర్మవరము ప్రక్కగా పారు చిత్రావతియు తీర్థములు గాకపోవునా?

ఇవి పెక్కు నెలలు ఇసుకతిన్నెలే. అయినను తాతలు ఆ ఇసుకలో చెలమ త్రవ్వియే దప్పి తీర్చుకొనిరి. దూరపు నదిలో మునిగివచ్చి, ఊరి యేటి ఇసుక దోచి, చెత్త పోయువాని పుణ్యము చిల్లికుండలోని నీరే.